నారింజ బెండు, నల్ల బాబిన్

1986 డిసెంబరు. కరీంనగర్ జిల్లాలో ఒక పెద్ద డ్యాం మీద నేను డైవర్‌గా పనిచేస్తున్న రోజులవి. డ్యాం పేరు చెప్పను. చెబితే ఆ చుట్టుపక్కల వాళ్ళు మళ్ళీ మొదలుపెడతారు. ఇప్పటిదాకా ఆటపట్టించింది చాలు.

మా జిల్లాలో సముద్రం లేదు కదా, నీళ్ళలో మునిగేవాడికి అక్కడేం పని అని చాలామంది అడుగుతారు. పని చాలానే ఉంటుంది. డ్యాం గేట్లు నీళ్ళలో ఉంటాయి. వాటి అంచుల వెంట రబ్బర్ సీల్ అనే పట్టీ ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ మూతకు ఉండే గ్యాస్కెట్ లాంటిది. అది చిరిగితే గేటు మూసినా నీళ్ళు కారుతూనే ఉంటాయి. చెరువంత నీళ్ళు ఖాళీ చేసి చూడలేం కాబట్టి, ఒకడు గాలి సిలిండర్ వీపుకు కట్టుకుని దిగి, ఎక్కడ చిరిగిందో చేత్తో తడిమి చెప్పాలి. తడిమి అని ఊరికే అనలేదు. నలభై అడుగుల లోతున మా నీళ్ళలో కళ్ళున్నా లేనట్టే. చాయ్‌లో మునిగినట్టుంటుంది.

నేను నౌకాదళంలో పదేళ్ళు డైవర్‌గా చేసి సొంత జిల్లాకు తిరిగొచ్చాను. మాది హుజూరాబాద్ పక్కన పల్లెటూరు. వచ్చిన కొత్తలో మా మేనమామ చర్చి ముందర పాస్టరు గారు వింటుండగానే అడిగాడు, “నీళ్ళల్ల మునిగినందుకు జీతమిస్తరార? మా బర్రెలు దినాం మునుగుతయి, వాటికి ఎవ్వలియ్యరు!” పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం వారం రోజులు కోపం పోలేదు.

డ్యాం మీద నాది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏడాదికోసారి ఆర్డరు తిరగరాసే టెంపరరీ. ఇంట్లో భార్య కరుణ, అప్పుడే నడక నేర్చిన కూతురు. ఉద్యోగం టెంపరరీ అయినా నా దర్పం మాత్రం పర్మనెంటు. ఈ డ్యాం మీద నీళ్ళ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మేవాణ్ణి.

ఆ నవంబరులో ఒక రోజు గేటు చూసి పైకి వస్తుంటే నా తల సరిగ్గా ఒక చేపల పడవ అడుగుకు కొట్టుకుంది. పడవలో ఉన్న ముసలాయన మొసలి అనుకుని తెడ్డుతో నెత్తిన ఒకటిచ్చాడు. నేను తల బయటపెట్టి తిట్టబోతే, మాట్లాడే మొసలి అనుకున్నాడో ఏమో, ఇంకొకటిచ్చాడు. నెత్తి మీద నిమ్మకాయంత బొప్పితో ఆఫీసుకు వెళ్ళాను.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారిది కోస్తా. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషే కానీ నీళ్ళంటే ప్రాణభయం. డ్యాం మీద నడిచేటప్పుడు కూడా పిట్టగోడకు ఆరడుగుల దూరంలో, రోడ్డు మధ్యన నడిచేవారు. నా బొప్పి చూసి ఆయన ముఖం పాలిపోయింది.

“చూడు ప్రభుదాసూ, నువ్వు దిగిన దగ్గర్నుంచీ పైకొచ్చేదాకా నాకు ఊపిరాడదు. నీకు సిలిండరుంది, నాకు లేదు. నువ్వెక్కడున్నావో పైనున్న వాళ్ళకి కనపడాలి, పడవలు పక్కకి పోవాలి. ఆ ఏర్పాటు చేసి నా కళ్ళ ముందు చూపించు. అప్పటిదాకా నీళ్ళలో దిగొద్దు.”

“బుడగలొస్తయి గద సార్,” అన్నాను.

“గాలికి నీళ్ళు కదులుతుంటే ఏది బుడగో ఏది అలో నాకేం తెలుసయ్యా? నీ వల్ల కాకపోతే చెప్పు. బొంబాయి నుంచి కంపెనీ డైవర్లని పిలిపిస్తాను.”

అసలు భయం అక్కడుంది. యాసంగి పంటకు కాలువలోకి నీళ్ళు వదిలే లోపు ఎడమ గేటు సీల్ చూసి తీరాలి. ఆ పనికి బొంబాయి వాళ్ళు వస్తే ఏడాది మొత్తానికి వాళ్ళతోనే ఒప్పందం అయిపోతుంది. నా ఆర్డరు ఇక తిరగరాయరు. నడుముకు తాడు కట్టుకుని దిగవచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఆ గేటు ముందు డ్యాం కట్టకముందరి చెట్ల మోళ్ళు, వంగిన ఇనుప చువ్వలు ఎన్నో ఉన్నాయి. దిగినప్పటి నుంచి తాడు లాక్కుంటూ తిరిగితే పది నిమిషాల్లో నన్ను నేనే కట్టేసుకుంటాను.

దీనికి సరైన వస్తువు ఒకటుంది. సర్ఫేస్ మార్కర్ బోయ్ అంటారు, క్లుప్తంగా మార్కర్. మనిషంత పొడవుండే నారింజ రంగు గుడ్డ గొట్టం, పైకొన మూసి కిందికొన తెరిచి ఉంటుంది. పని అయ్యాక డైవరు అడుగునే నిలబడి, తన నోటి దగ్గరి గాలి కొంచెం అందులోకి వదులుతాడు. అది ఉబ్బి పైకి దూసుకుపోయి నీటి మీద నిటారుగా నిలబడుతుంది. దాని కింద తాడు, తాడు చుట్టి ఉంచేది రీల్, రీల్ డైవరు చేతిలో. మార్కర్ పైకి పోతుంటే రీల్ గిర్రున తిరిగి తాడు వదలాలి. తర్వాత ఆ తాడునే చుట్టుకుంటూ డైవరు మెల్లగా పైకి రావాలి.

మెల్లగా అన్నది ముఖ్యం. లోతున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టి సర్రున పైకి వస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. కాబట్టి గొట్టం ఎవరైనా కుట్టగలరు, ప్రాణమంతా రీల్‌లో ఉంది. అది మధ్యలో ఇరుక్కుంటే మార్కర్ తనతో పాటు డైవర్నీ ఎత్తుకుపోతుంది.

విశాఖపట్నంలోని పాత స్నేహితుడికి రాస్తే పోస్టులో మార్కర్ పంపాడు. “రీల్ లేదు, నువ్వే చూసుకో” అని చీటీ పెట్టాడు. నలభై అడుగులకు సరిపడా నైలాన్ తాడు చుట్టే రీల్ కరీంనగర్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఆలోచిస్తే పతంగుల చరఖా గుర్తొచ్చింది. అదీ తాడు వదిలేదే, చుట్టేదే. బజారులో ఒక పతంగుల దుకాణానికి వెళ్ళాను.

“ఎంత ఎత్తుకు లేపుతవ్ సారూ?” అని అడిగాడు దుకాణదారు.

“నలభై అడుగులు.”

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “నలభై అడుగులకు చరఖా ఎందుకు సారూ, నిచ్చెన కొనుక్కో.”

చరఖా తెచ్చి క్వార్టర్ వెనక ఉన్న సిమెంటు నీళ్ళ తొట్టిలో, మా భాషలో హౌజులో, ముంచి చూశాను. చెక్కది కాబట్టి మునగనంటుంది. నేను కిందికి నొక్కుతాను, అది పైకి తంతుంది. రెండు గంటలు నానేసరికి చెక్క ఉబ్బి ఇరుసు దగ్గర బిగుసుకుపోయింది. నేను హౌజు మీద బోర్లాపడి దాంతో కుస్తీ పడుతుంటే కరుణ బట్టలు ఆరేయడం ఆపి చూసింది.

“పొద్దుందాంక గిదే పనా? అదే గెలిచేటట్టున్నది,” అంది.

తర్వాత బొంబాయిలో ఓడల సామాన్ల దుకాణంలో పనిచేసే ఇంకో స్నేహితుడు అసలైన డైవింగ్ రీల్ పంపాడు. అది చూడగానే మనసు పారేసుకున్నాను. మెరిసే లోహం, నల్లటి పిడి, తిప్పడానికి చిన్న గుండ్రటి పట్టు. పక్కన రాట్చెట్ ఉంది. రాట్చెట్ అంటే పళ్ళ చక్రం, దానికి అడ్డంగా ఒక నాలుక. ఆ నాలుక వేస్తే చక్రం ఒకవైపే తిరుగుతుంది, తాడు చుట్టుకుంటుంది కానీ వదలదు. వదలాలంటే బొడిపె నొక్కిపట్టాలి. తిప్పినప్పుడల్లా కర్ర్ కర్ర్ మని ఎంత ముద్దుగా మోగేదో! ఆదివారం జేబులో పెట్టుకుని చర్చికి కూడా తీసుకెళ్ళాను. పాస్టరు గారు అందరినీ కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థించమన్నప్పుడు నా వేలు ఆగలేదు, కర్ర్ మంది. ముందు వరుస మొత్తం వెనక్కి తిరిగింది.

కరుణకు మాత్రం అది నచ్చలేదు. ఆమెది సిరిసిల్ల. మా మామగారు మరమగ్గాల మీద పనిచేసేవారు. పెళ్ళయ్యేదాకా ఆమె బాబిన్లకు నూలు చుట్టిన మనిషి. బాబిన్ అంటే రెండు వైపులా గుండ్రటి తట్టలు, మధ్యలో రంధ్రం ఉన్న చిన్న డోలు లాంటిది. నూలు దాని మీదే ఉంటుంది.

“గింత కథ ఎందుకయ్యా? ఒక బాబిన్ మీద చుట్టుకో. మర లేదు, బొడిపె లేదు. ఇరుక్కునేటందుకు అండ్ల ఏమున్నది?” అంది.

“నౌకాదళంల పదేండ్లు చేసినోనికి నువ్వు చెప్తున్నవా?” అన్నాను.

“నేను నూలు పదిహేనేండ్లు చుట్టిన,” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు.

మా పడవ నడిపే మల్లయ్య గంగపుత్రుడు, యాభై దాటిన మనిషి. బక్కగా, ఎప్పుడూ నోట్లో బీడీతో ఉండేవాడు. నేను రీల్ గొప్పదనం అరగంట వర్ణించాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సారూ, గిది తాడును మంచిగనే పట్టుకుంటది. మరి ఇడువాల్నంటె?”

“గీ బొడిపె నొక్కాలె.”

“బరువు పడ్డంక కూడ నొక్కస్తదా?”

“ఎందుకు నొక్కరాదు?”

“మరి గీ కొక్కెమేంది?”

“రీల్ చేతుల నుంచి జారి కింద పడిపోకుండ నా బెల్టుకు తగిలించుకునేటందుకు.”

“అచ్ఛా,” అని బీడీ వెలిగించుకున్నాడు. ఆ అచ్ఛాలో ఎంత అర్థముందో నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు పొద్దున పదింటికి ప్రదర్శన. ఇంజనీరు గారు బైనాక్యులర్, చేతి లౌడ్‌స్పీకర్ పట్టుకుని డ్యాం మీద కుర్చీలో కూర్చున్నారు, పిట్టగోడకు ఆరడుగుల దూరంలోనే. ఆఫీసు సిబ్బంది అంతా చాయ్ గ్లాసులతో చుట్టూ చేరారు. మార్కర్ ఒంటరిగా దూరం నుంచి ఎంత బాగా కనబడుతుందో చూడాలని ఆయన మల్లయ్య పడవను గోడ దగ్గరే ఆపించారు. నేను అందరికీ చెయ్యి ఊపి, రీల్ బెల్టుకు తగిలించుకుని దిగాను.

అడుగున అంతా నేను అనుకున్నట్టే జరిగింది. మార్కర్ విప్పాను, గాలి వదిలాను, అది ఉబ్బి పైకి దూసుకుపోయింది. బొడిపె నొక్కిపట్టాను, రీల్ గిర్రున తిరిగింది. తాడు ఆగగానే బొడిపె వదిలి రాట్చెట్ వేశాను. తాడు వీణ తీగలా బిగుసుకుంది. పైన ఇంజనీరు గారు చప్పట్లు కొడుతున్నట్టు నాకు నేనే ఊహించుకున్నాను.

అప్పుడు తాడు ఒకసారి కదిలింది. మళ్ళీ కదిలింది. ఎవరో దాని బరువు చూస్తున్నట్టుంది. మూడోసారి ఎవరో నా నడుము పట్టుకుని ఎత్తినట్టు నా కాళ్ళు నేల విడిచాయి.

బొడిపె నొక్కాను. నొక్కుకోలేదు. తాడు మీద నా బరువంతా ఉంటే నాలుక పళ్ళలో బిగుసుకుపోయింది, మల్లయ్య అడిగింది ఇదే. కొక్కెం తీద్దామంటే అదీ బిగుసుకుంది. నడుము ముందు పోతోంది, తల, కాళ్ళు వెనక వేలాడుతున్నాయి. ఆరేయడానికి తీసుకెళ్ళే తడి దుప్పటిలా పైకి పోతున్నాను. భయం, కోపం రెండూ కలిసి ఒకటే అరుపు అరిచాను. ఆపకుండా, నాకు వచ్చిన తిట్లన్నీ, హుజూరాబాద్‌వి, విశాఖపట్నంవి, ఓడల మీద నేర్చుకున్న హిందీవి, అన్నీ నోట్లో గాలి గొట్టం రబ్బరు పెట్టుకునే తిట్టాను. ఆ అరుపే నన్ను బతికించింది. అరిచేవాడు ఊపిరి బిగబట్టలేడు. గాలి అంతా తిట్ల రూపంలో బయటికి పోయింది.

నీటి మీద తేలేసరికి ఎదురుగా ఒక పడవ, అందులో అవతలి ఒడ్డు నుంచి వచ్చిన అన్నదమ్ములు పోశం, లింగం. పోశం చేతిలో నా మార్కర్ ఉంది. లింగం చేతుల్లో నా తాడు ఉంది.

“అన్నా, చేప గాదే! మనిషి!” అన్నాడు లింగం.

“సచ్చిండా?” అన్నాడు పోశం.

నేను నోట్లోది ఉమ్మేసి మిగిలిన తిట్లు పూర్తి చేశాను.

“సావలేడన్నా,” అన్నాడు లింగం తృప్తిగా.

డ్యాం మీద నుంచి లౌడ్‌స్పీకర్ మోగింది. “ప్రభుదాస్! పైకి నువ్వే వచ్చావా, వాళ్ళు తెచ్చారా?”

ఆ ప్రశ్న నీటి మీద నాలుగు దిక్కులా ప్రతిధ్వనించింది.

ఒడ్డుకు చేరాక ఇంకో గొడవ. అన్నదమ్ములు వాటా అడిగారు. ఆ నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళ కట్టుబాటు ఏమిటంటే, ప్రతి ఇంటివాళ్ళు వలకు కట్టి నీటి మీద తేలనిచ్చే బెండుకు తమ గుర్తు కట్టుకుంటారు. ఒకరు ఎర్ర పీలిక, ఒకరు గవ్వ, ఒకరు కొబ్బరి పీచు ముడి. గుర్తున్న బెండును వేరేవాడు ముట్టడు. గుర్తు లేకుండా ఒంటరిగా తేలే బెండు తెగిపోయిన వలది. దాన్ని చూసినవాడు పైకి తీయాల్సిందే, లేకపోతే వలా పోతుంది, చేపలూ కుళ్ళిపోతాయి. తర్వాత సొంతదారు వచ్చి అడిగితే వల ఇచ్చేసి, పడ్డదాంట్లో సగం తీసుకుంటారు.

“లావారిస్ బెండు. మేం తీసినం. సగం రావాలె,” అన్నాడు పోశం.

మల్లయ్య నన్ను చూపించాడు. “సగం మనిషిని ఏం జేసుకుంటర్రా?”

అన్నదమ్ములు నన్ను పరీక్షగా చూసి ఆలోచనలో పడ్డారు. చివరికి మల్లయ్య తన బీడీ కట్ట వాళ్ళకిచ్చి నన్ను పూర్తిగా విడిపించాడు. నా విలువ ఒక బీడీ కట్ట, అదీ రెండు బీడీలు తాగిన కట్ట.

ఇంజనీరు గారు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. డిస్పెన్సరీలో నా ఛాతీ పరీక్ష చేయించి, ఏం కాలేదని తెలిశాక గదిలోకి పిలిచారు. “బొంబాయి వాళ్ళకి టెలిగ్రాం రాసి పెట్టాను. రేపు పదింటికి ఇంకొక్కసారి చూస్తాను. మధ్యాహ్నం అది పంపాలో చించాలో నీ చేతిలో ఉంది.”

బయటికి వచ్చి మల్లయ్య మీద విరుచుకుపడ్డాను. “నారింజ రంగు గొట్టం తేలిందంటే కింద మనిషున్నడని ప్రపంచమంత తెలుసు. వీళ్ళకు తెలువదా?”

“ఈ నీళ్ళల్ల ప్రపంచమెన్నడు చేపలు పట్టింది సారూ?” అన్నాడు మల్లయ్య. “గుర్తు లేని బెండును ఇడిసిపెట్టి పోతెనే మా దగ్గర తప్పు.”

“మరి నాకు ముందే చెప్పరాదా?”

“నువ్వు అడిగితివా? పది దినాల సంది రీల్ ముచ్చటనే చెప్తివి. నేను వింటనే ఉంటి.”

నాకు సిగ్గేసింది, నిజంగానే. పదేళ్ళ సర్వీసు, రెండు పోస్టు పార్సిళ్ళు, ఒక చరఖా, ఇంత హడావుడి చేసి, నీటి మీద బతికేవాళ్ళను ఒక్క మాట అడగలేదు. ఈ మార్కర్ చూడాల్సింది ఇంజనీరు గారు ఒక్కరే కాదు, వాళ్ళు కూడా.

ఇంటికి వెళ్ళి కరుణకు జరిగింది చెప్పాను. కొంచెం తగ్గించే చెప్పాను, కానీ ఆమెకు నాకంటే ముందే పూర్తిగా తెలుసు. నీళ్ళ దగ్గర నుంచి క్వార్టర్లకు వార్త రావడానికి ఎంతసేపు! ఆమె ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. నా నడుము మీద కమిలిన చోట వేడినీళ్ళ గుడ్డ పెట్టి, “మల్ల గట్లనే గుంజితే ఏం జేస్తవు?” అని అడిగింది. ఆమె గొంతులో భయం ఉంది.

“ఇడిచిపెట్టాలె,” అన్నాను.

“మరి ఇడిచిపెట్టేటందుకు వచ్చేదే తీస్కపో.”

బాబిన్ కోసం సిరిసిల్ల పోనక్కర లేకపోయింది. మా కూతురు బండి చేసుకుని తోసుకునే ఆట వస్తువు అదే. నల్ల ప్లాస్టిక్ బాబిన్, అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చుకుంది. చేతిలోంచి లాక్కుంటే క్వార్టర్ల మొత్తానికి వినబడేలా ఏడ్చింది. ఏడుపు మానిపించడానికి బొంబాయి రీల్ ఇచ్చాను. కర్ర్ మనిపించింది, ఆగింది, నవ్వింది. ఆ రీల్‌ను అంత ప్రేమించిన రెండో మనిషి అది ఒక్కతే.

కరుణ నైలాన్ తాడు చుట్టడం మొదలుపెట్టింది. నేనైతే పగ్గం చుట్టినట్టు చుట్టేవాణ్ణి. ఆమె ఒక చేత్తో తాడును కొంచెం బిగువుగా పట్టి, ఇంకో చేత్తో బాబిన్ తిప్పుతూ, వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించింది. “వదులు పెడితే మీది పోగు కిందికి దిగబడి చిక్కు పడతది. బిర్రుగ జేస్తే దిగదు. అంచుదాంక నింపొద్దు, వేలెడంత జాగ ఇడువాలె,” అని చెప్పింది. నేను చేతులు కట్టుకుని విన్నాను. మధ్య రంధ్రంలో నా రెండు వేళ్ళు సరిగ్గా పట్టాయి. వేళ్ళ మీద బాబిన్ తిరుగుతుంది, వేళ్ళు తీస్తే నాకూ దానికీ సంబంధం లేదు. హౌజులో ఇరవైసార్లు చూశాం. ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

పొద్దున్నే మల్లయ్య ఒక పచ్చ రైక గుడ్డ పీలిక తెచ్చాడు. మార్కర్ మెడకు కట్టి మూడు ముళ్ళు వేశాడు. అది వాళ్ళింటి గుర్తు, వాళ్ళ తాత నాటి నుంచి ఉన్నది. “రాత్రికే అన్ని ఇండ్లల్ల చెప్పొచ్చిన. ఇగ పో బిడ్డా,” అన్నాడు. అప్పటిదాకా నన్ను సారూ అనేవాడు. చేపలా ఒడ్డుకు పడ్డాక ఇంకెవరికైనా సారుగా ఉండటం కష్టం.

పదింటికి దిగాను. ఈసారి ప్రదర్శన ఒక్కటే కాదు, అసలు పని కూడా చేసి రావాలనుకున్నాను. గేటు అంచు వెంట తడుముకుంటూ పోయాను. ఎడమ మూల కింద జానెడు మేర సీల్ చిరిగి ఉంది, చెయ్యి పెడితే నీటి ఒరవడి వేళ్ళను లాగింది. అక్కడి నుంచి పక్కకు జరిగి మార్కర్ వదిలాను. బాబిన్ నా వేళ్ళ మీద చప్పుడు లేకుండా తిరిగింది. తాడు ఆగింది. నేను వేళ్ళు వదులుగా పెట్టి, లాగుతారేమోనని ఎదురుచూశాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఎవరూ ముట్టలేదు. అప్పుడు తాడు చుట్టుకుంటూ, వేలెడు వేలెడుగా పైకి వచ్చాను.

తల బయటపెట్టి ముఖం మీది అద్దం తీశాను. చుట్టూ పడవలు. ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, అన్నీ రాయి విసిరితే తగిలే దూరంలో ఆగి, గుండ్రంగా నిలబడ్డాయి. ప్రతి పడవలోనూ తెడ్డు నీళ్ళలోంచి తీసి ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. మళ్ళీ ఏదో తప్పు జరిగిందనుకున్నాను.

“ఏమైంది? ఎందుకు నిలబడ్డరు?” అని అరిచాను.

అందరికంటే దగ్గరున్న పడవలో పోశం ఉన్నాడు. నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. “మల్లన్న ఇంటి మనిషి కింద ఉన్నడంటిరి గద. మనిషి కిందుంటే తెడ్డెట్ల ఏస్తం?”

వల బండకు పట్టుకుంటే విడిపించడానికి ఎవరైనా మునిగితే, ఆ మనిషి తల మళ్ళీ కనబడేదాకా చుట్టుపక్కల ఎవరూ తెడ్డు వెయ్యరట, వల వెయ్యరట. తగలకుండా ఉండటానికి, పైకి రాకపోతే దూకడానికి. పొద్దుటి వేట మానుకుని, నేను దిగినప్పటి నుంచి, అరగంటగా, ముందురోజు నోటికొచ్చినట్టు తిట్టినవాడి కోసం కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. నీళ్ళలో ఉన్నవాడికి అదొక్కటి సుఖం, ఎవరికీ తెలియదు.

ఇంజనీరు గారు కుర్చీలోంచి లేచి పిట్టగోడ దాకా వచ్చి, దాని మీద చేతులు ఆనించి కిందికి చూశారు. ఆయన్ని అక్కడ చూడటం నాకు అదే మొదలు. జేబులోంచి కాగితం తీసి చించారు. ముక్కలు కిందికి వదలబోయి, డ్యాం శుభ్రంగా ఉంచాలని గుర్తొచ్చిందేమో, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

డైవింగ్ నేర్చుకునేవాళ్ళు ఎలాంటి రీల్ కొనాలని ఇప్పటికీ నన్ను అడుగుతారు. తాడును ఎంత బాగా పట్టుకుంటుందో చూడకండి, మీరు వదలాలనుకున్నప్పుడు ఎంత తేలిగ్గా వదులుతుందో చూడండి, దాన్ని ఒంటికి మాత్రం తగిలించుకోకండి అని చెబుతాను. అది సగం జవాబే. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ నీళ్ళలో దిగాను. దిగే ముందు సిలిండర్ చూసుకున్నట్టే ఆ రోజు నీటి మీద ఎవరెవరున్నారో చూసుకుని, పేరు పెట్టి పిలిచి, “దిగుతున్న” అని కేక వేసేవాణ్ణి. “పో, మేమున్నం” అని ఎవరో ఒకరు తెడ్డు ఎత్తి చూపేదాకా నీళ్ళలో కాలు పెట్టలేదు.